ఎక్స్‌రే తీశాక గదిలో కిరణాలు మిగులుతాయా?

ప్రశ్న: మా అమ్మకు ఛాతీ ఎక్స్‌రే తీయించాం. తీసేటప్పుడు తెర వెనక్కి వెళ్లిన టెక్నీషియన్, మరుక్షణమే గదిలోకి వచ్చేశారు. అప్పటికి రేడియేషన్ పోతుందా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: పోతుందమ్మా, పూర్తిగా. ఎక్స్‌రే గొట్టంలో రేడియోధార్మిక పదార్థమేదీ ఉండదు. స్విచ్ ఆపితే బల్బు వెలుగు ఆగినట్టే ఈ కిరణాలూ ఆగిపోతాయి. గోడల్లో గానీ, మీ అమ్మగారి ఒంట్లో గానీ ఏమీ మిగలదు.

గాలి తీసేసిన ఆ గొట్టంలో ఒక కొసన టంగ్‌స్టన్ తీగ ఉంటుంది. అది తెల్లగా కాగితే ఎలక్ట్రాన్లు వెలువడతాయి. 1913లో విలియం కూలిడ్జ్ తెచ్చిన ఈ పద్ధతే నేటికీ నడుస్తోంది. ఎదుటి టంగ్‌స్టన్ పళ్లేనికీ తీగకూ మధ్య, ఛాతీ ఎక్స్‌రేకైతే, తరచుగా లక్ష వోల్టులకు పైనే పెడతారు. దాంతో ఎలక్ట్రాన్లు కాంతి వేగంలో సగానికి మించిన వేగంతో దూసుకెళ్లి పళ్లేన్ని ఢీకొంటాయి. పరమాణు కేంద్రకాల దగ్గర వాటి వేగం ఒక్కసారిగా తగ్గుతుంది. అలా కోల్పోయిన శక్తే ఎక్స్‌కిరణమవుతుంది. కొన్ని ఎలక్ట్రాన్లు పరమాణువు లోపలి కక్ష్యలోని ఎలక్ట్రాన్‌ను బయటికి నెట్టేస్తాయి. ఆ ఖాళీ భర్తీ అయ్యేటప్పుడు కూడా కిరణం వస్తుంది.

నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది ఒకటుంది. ఇంత చేసినా కిరణాలుగా మారే శక్తి దాదాపు 1 శాతమే! మిగతాదంతా వేడి. ఒకేచోట తగిలితే టంగ్‌స్టన్ కూడా కరిగిపోతుంది కాబట్టి పళ్లేన్ని నిమిషానికి వేలసార్లు తిప్పుతారు.

టెక్నీషియన్ తెర వెనక్కి వెళ్లేది రోజూ ఎందరికో తీయాలి కనుక. మీ అమ్మగారికి అందిన మోతాదు, ప్రకృతి నుంచి మనందరికీ కొన్ని రోజుల్లో అందేంతే. గర్భిణులు మాత్రం ఎక్స్‌రేకు ముందే ఆ సంగతి తప్పక చెప్పాలి.