ఆట ఫలితం ముందే తెలిసిపోతే? – ఉత్కంఠ, సమాచారం, మర్యాద

2001 మార్చి 14న కోల్‌కతాలోని ఈడెన్ గార్డెన్స్‌లో హైదరాబాదుకు చెందిన వి.వి.ఎస్. లక్ష్మణ్, రాహుల్ ద్రావిడ్ కలిసి ఆస్ట్రేలియా బౌలర్లకు ఒక్క వికెట్టు కూడా ఇవ్వకుండా రోజంతా ఆడారు. అక్కడ పగలు సాగిన ఆ ఆట అమెరికా తూర్పు తీరంలోని తెలుగువారికి నిద్రవేళలో జరిగింది. భారత కాలమానం ఆ తీరపు కాలమానం కంటే శీతాకాలంలో పదిన్నర గంటలు, వేసవిలో తొమ్మిదిన్నర గంటలు ముందుంటుంది. కనుక స్వదేశంలో జరిగే ఆటను చూడదలచిన ప్రవాసికి రెండే మార్గాలు. ఒకటి నిద్ర మానుకోవడం. రెండవది రికార్డు చేసి, ఉద్యోగం నుండి తిరిగి వచ్చాక చూడడం.

రెండవ మార్గాన్ని ఎంచుకున్నవారి కష్టాలు అందరికీ తెలిసినవే. వార్తలు వినకుండా, స్నేహితుల కంట పడకుండా సాయంత్రం వరకు నెట్టుకొచ్చి ఇంటికి చేరేసరికి, గుమ్మంలోనే పిల్లవాడు "నాన్నా, మనం గెలిచాం!" అంటాడు. లేదా విజయవాడ నుండి తాతగారు సంతోషం పట్టలేక ఫోను చేస్తారు. ఇలా ఫలితాన్ని ముందుగా వెల్లడి చేసే మాటనే ‘స్పాయిలర్’ అంటున్నారు. చెప్పినవారికి దురుద్దేశం లేదు. అయినా విన్నవారి మనసు చివుక్కుమంటుంది. ఎందుకు?

ఈ ప్రశ్నకు మొదటి సమాధానం సమాచార సిద్ధాంతంలో ఉన్నది. 1948లో క్లాడ్ షానన్ సమాచారాన్ని కొలిచే పద్ధతిని ప్రతిపాదించాడు. ఒక సంఘటన జరిగే సంభావ్యత ఎంత తక్కువైతే, అది జరిగిందన్న వార్తలో సమాచారం అంత ఎక్కువ. గెలుపు, ఓటమి సమానంగా సంభవించే ఆటలో "గెలిచాం" అన్న మాట ఒక ‘బిట్’ సమాచారాన్ని ఇస్తుంది. పదహారింట ఒక వంతు అవకాశమే ఉన్న గెలుపు వార్త నాలుగు బిట్లను ఇస్తుంది. కోల్‌కతా టెస్టులో భారత జట్టు మొదటి ఇన్నింగ్స్‌లో 274 పరుగులు వెనుకబడి, ఫాలో ఆన్ ఆడి, చివరకు 171 పరుగుల తేడాతో గెలిచింది. ఫాలో ఆన్ ఆడిన జట్టు గెలవడం అంతకుముందు టెస్టు చరిత్రలో రెండుసార్లు మాత్రమే జరిగింది. అటువంటి ఆటను చూసేవారికి ఆ సమాచారం గంటల తరబడి, బంతి వెంట బంతిగా, కొద్దికొద్దిగా అందుతుంది. స్పాయిలర్ దానిని ఒక్క క్షణంలో కుమ్మరిస్తుంది.

రెండవ సమాధానం మెదడు రసాయనశాస్త్రంలో ఉన్నది. టైరోసిన్ అనే అమైనో ఆమ్లం నుండి మెదడులోని కొన్ని నాడీకణాలు డోపమైన్‌ను తయారు చేస్తాయి. ఎనిమిది కార్బన్, పదకొండు హైడ్రోజన్, ఒక నైట్రోజన్, రెండు ఆక్సిజన్ పరమాణువులు గల చిన్న అణువు ఇది. వుల్‌ఫ్రామ్ షుల్ట్జ్, ఆయన సహచరులు కోతులకు పండ్లరసపు చుక్కలు ఇచ్చి ఈ కణాల స్పందనను కొలిచారు. అనుకోకుండా రసం దొరికినప్పుడు కణాలు తీవ్రంగా స్పందించాయి. దీపం వెలిగిన తరువాత రసం వస్తుందని కోతి నేర్చుకున్నాక, స్పందన దీపం వద్దకు మారింది. రసం చుక్కకు ప్రత్యేక స్పందన మిగలలేదు. 2003లో ప్రకటించిన మరొక పరిశోధనలో, రసం వచ్చే అవకాశం సరిగ్గా సగం ఉన్నప్పుడు, అంటే అనిశ్చితి గరిష్ఠంగా ఉన్నప్పుడు, నిరీక్షణ కాలమంతా ఈ కణాల చురుకుదనం క్రమంగా పెరిగినట్లు తేలింది. కోతుల ప్రయోగాన్ని యథాతథంగా క్రికెట్ అభిమానికి అన్వయించరాదు. కాని ఫలితం తెలియకపోవడమే నిరీక్షణకు బలమన్న సంగతిని ఇది సూచిస్తున్నది.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. ‘మాయాబజార్’ ముగింపు తెలియని తెలుగువారు అరుదు. అయినా ఆ చిత్రాన్ని మళ్ళీ మళ్ళీ చూస్తారు. 2011లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు పన్నెండు చిన్న కథలతో ప్రయోగం చేసి, ముగింపు ముందే తెలిసిన పాఠకులు సగటున కథలను కొంచెం ఎక్కువగానే ఆస్వాదించారని ప్రకటించారు. అయితే కథకు కర్త ఉన్నాడు. మాటల సొగసు, పాత్రల నడక ముగింపు తెలిసినా చెక్కుచెదరవు. ఆటకు కర్త లేడు. లక్ష్మణ్ 281 పరుగుల ఇన్నింగ్స్‌ను నేటికీ ముచ్చటపడి చూసేవారున్నారు. ఆ ఆనందం జ్ఞాపకానికి సంబంధించినది. "ఏమవుతుందో" అనే తొలి ఉత్కంఠ ఒక మనిషికి ఒక్కసారే దొరుకుతుంది. తోడుకున్న పెరుగు తిరిగి పాలు కానట్లే, తెలిసిన ఫలితాన్ని మనసు నుండి తీసివేయడం సాధ్యం కాదు.

ప్రత్యక్ష ప్రసారం చూసేవారు కూడా ఈ చిక్కుకు అతీతులు కారు. భూస్థిర ఉపగ్రహం దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. సంకేతం పైకి వెళ్ళి కిందికి రావడానికి పట్టేది పావు సెకను మాత్రమే. ఇంటర్నెట్ ప్రసారంలో దృశ్యాన్ని కొన్ని సెకన్ల నిడివి గల ముక్కలుగా చేసి పంపుతారు. పది సెకన్ల ముక్కలు మూడింటిని ముందుగా నిలువ చేసుకుంటే, అక్కడే అరనిమిషం ఆలస్యం. వాట్సాప్ సందేశానికి ఒకటి రెండు సెకన్లు చాలు. అందువలన బౌలర్ పరుగు మొదలుపెట్టక మునుపే పక్కింటివారి కేకలో వికెట్టు పడిపోతుంది.

ఈ శాస్త్రీయ విషయాల నుండి కొన్ని మర్యాదలు సహజంగా ఏర్పడతాయి.

మొదటిది, ఆట గురించి మాట్లాడే ముందు "చూశారా?" అని అడగడం. "లేదు" అన్నవారి ముందు మాట మార్చడం.

రెండవది, సూచనలు ఇవ్వకపోవడం. "చివరి ఓవరు తప్పక చూడండి" అన్నా సమాచారమే. ఆట చివరి ఓవరు దాకా సాగుతుందని వినేవారికి ముందే తెలిసిపోతుంది. జాలిగా చూసే చూపు, ఆపుకున్న నవ్వు కూడా ఇటువంటివే.

మూడవది, పదిమందికీ వెళ్ళే సందేశంలో మొదటి వరుసలో ఆట పేరు మాత్రమే రాయడం. తాళం వేసిన ఫోను తెరపై ముందుగా కనిపించేది ఆ వరుసే.

నాలుగవది, గడువు. మరునాటి రాత్రి వరకు ఫలితం చెప్పకూడదని స్నేహితులు ముందే ఒప్పందం చేసుకోవచ్చు. ఆ తరువాత జాగ్రత్తపడవలసిన బాధ్యత చూడనివారిదే.

అయిదవది రికార్డు చేసుకున్నవారి ధర్మం. తన కోసం ఊరంతా మౌనం పాటించాలని కోరడం న్యాయం కాదు. ఫోను ఆపివేయడం, ఇంట్లో ముందుగా చెప్పి ఉంచడం ఆయన చేతిలోని పనులు.

తాతగారి విషయంలో మాత్రం మరికొంత ఆలోచన అవసరం. గెలుపు వార్త తెలిసిన మరుక్షణం ఆయనకు దూరదేశంలోని కొడుకు గుర్తుకు వచ్చాడు. పక్కన కూర్చొని చూసే వీలు లేదు గనుక ఫోను చేశారు. "ఎందుకు చెప్పారు నాన్నా?" అని ఒకసారి విసుక్కుంటే, మరుసటి ఆటకు ఆయన ఫోను చేయకపోవచ్చు. కొడుకు కోల్పోయినది ఒక సాయంత్రపు ఉత్కంఠ. ఆ విసుగుతో పోగొట్టుకునేది అంతకంటే పెద్దది. ఆటకు ముందురోజే తానే ఫోను చేసి, "నాన్నగారూ, రేపు రాత్రి నేను చూశాక మీతో మాట్లాడతాను, అప్పటిదాకా ఫలితం చెప్పకండి" అని అడిగితే సరిపోతుంది. ఆయన మనవడితో పందెం వేసి మరీ రహస్యాన్ని కాపాడతారు. మరునాడు ఇద్దరూ కలిసి మొదటి బంతి నుండి ముచ్చటించుకోవచ్చు.