విత్తనపు అప్పు

తొలకరి సమీపించినప్పుడెల్ల మన వినగడప ప్రాంతమున పెరటి విత్తనములకై వెదకులాట మొదలగును. ప్రత్తికి, మిరపకు విత్తనము తిరువూరు అంగళ్లలో దొరకును. అవ్వలనాటి చిక్కుడు కావలెనన్న మాత్రము ఎవరి యింటి చూరుననో వెదకవలసినదే. ఆ యింటివారు వరుసగా రెండు మూడేండ్లు విత్తుట మానిరేని ఊరిలో ఆ రకమే లేకుండ పోవును.

కావున గ్రంథాలయమున పుస్తకములవలె విత్తనములను అప్పిచ్చి పుచ్చుకొను పద్ధతిని సంఘసభ్యులు యోచింపవలెనని మా మనవి. జహీరాబాదు ప్రాంతమున 1983లో ఏర్పడిన దక్కను డెవలప్‌మెంటు సొసైటీకి చెందిన స్త్రీల సంఘములు ఇట్టి విత్తననిధులను గ్రామములలో నెలకొల్పినవి. జొన్న, కొఱ్ఱ, కంది మొదలగు విత్తనములను బూడిద, వేపాకు కలిపి బుట్టలలో దాచి, అడిగినవారికి అప్పుగా నిచ్చి, పంట వచ్చిన పిమ్మట రెట్టింపు కొలతతో తిరిగి గైకొనుట వారి పద్ధతి. రైతు తన పంట విత్తనమును దాచుకొనుటకును, ఇచ్చిపుచ్చుకొనుటకును 2001 నాటి చట్టము హక్కు నిచ్చినది. వ్యాపారముద్రతో అమ్ముటకు మాత్రము వీలులేదు.

అయితే రెట్టింపు కొలత ధాన్యమునకు తగినట్లు కూరగాయలకు తగదు. ఇచట కొలతకంటె జాతిశుద్ధి ముఖ్యము. దీనిని మేము తప్పు చేసి నేర్చుకొంటిమి. ఒక యేట మా పెరటి తియ్యని సొరకాయ విత్తనములను నాలుగిండ్లకు పంచితిమి. మరుసటి యేడు రెండిండ్లలో కాయలు చేదెక్కినవి. విచారింపగా, మా దొడ్డి వెనుక కంచెపై చేదుసొర యొకటి ప్రాకి పూచియుండెనని తెలిసినది. సొరపూవు సాయంకాలమున విచ్చును. రాత్రి చిమ్మటలు పుప్పొడిని మోయును. కాయ రుచి తల్లితీగది, లోని విత్తనమే మిశ్రమము. కనుకనే ఆ కాయను వండుకొని తినియు మేము పసికట్టలేకపోతిమి. ఇది నవ్వి విడువదగినది కాదు. చేదు సొరరసము త్రాగి ప్రాణములు కోల్పోయినవారు మన దేశమున కలరు. వండుటకు ముందు చిన్న ముక్క నాలుకకు తాకించి, చేదైనచో ఉమ్మివేసి కాయను పారవేయవలెను.

సొర, బీర, గుమ్మడి విత్తనము నిచ్చువారు, మరునాడు విచ్చబోవు ఆడ, మగ మొగ్గలను ముందుగనే దారముతో కట్టవలెను. విచ్చు వేళకు కట్టు విప్పి, అదే రకపు మగపూవు పుప్పొడిని ఆడపూవునకు అంటించి మరల కట్టి, ఆ కాయకు గుర్తుగా గుడ్డపీలిక ముడివేయవలెను. చిక్కుడు, అలసంద, టమాటాలకు ఇంత శ్రమ లేదు. అవి చాలవరకు తమలో తామే ఫలించును. నిధి వానితోనే ప్రారంభమగుట మంచిది. అంగడి సంకరవిత్తనపు కాయనుండి తీసినది తేవలదు. అది తల్లివలె రాదు.

తెచ్చిన విత్తనములలో ఇరువదింటిని తడిగుడ్డలో చుట్టి, ఎన్ని మొలకెత్తినవో చూచి ఖాతాలో వ్రాయవలెను. ఆ ప్రక్కనే, పూతకాలమున చుట్టుప్రక్కల నేయే తీగలున్నవో కూడ వ్రాయవలెను. ఉల్లివిత్తును ఏడాది దాటనీయరాదు.

ఆ నాలుగిండ్లకు ఈ యేడు చేతితో ఫలింపజేసిన కాయ విత్తనములను కొనిపోయితిమి. ముగ్గురు పుచ్చుకొనిరి. నాలుగవ యామె, "ముందు మీ యింట కాయించి, మీరు తిని చూపుడయ్యా" అనినది. ఆ తీగ ఇప్పుడు మా పందిరి నెక్కుచున్నది.