కండ పెరగడానికి ఎంత కాలం పడుతుంది?

గత మాఘమాసంలో ఒక తల్లి పందొమ్మిదేళ్ల కుమారుణ్ణి నా వద్దకు తీసుకుని వచ్చింది. "అయ్యా, వీడు మూడు నెలలుగా వ్యాయామశాలకు వెళుతున్నాడు. తిండి కూడా పెంచాడు. అయినా ఒళ్లు రావడం లేదని దిగులు పెట్టుకున్నాడు. మీరే ఏదైనా మంచి లేహ్యం ఇచ్చి వీడికి కండ పట్టించాలి" అని ఆమె కోరింది. నాడి చూశాను, నాలుక చూశాను. జఠరాగ్ని సమంగానే ఉంది. మూడు నెలల క్రిందట బరువు 56 కిలోలట. ఆ రోజు తూచితే 58 కిలోలకు కొంచెం పైన ఉంది.

తల్లిని కాసేపు బయట కూర్చోమని చెప్పి అబ్బాయిని అడిగాను. అప్పుడు అసలు సంగతి బయటపడింది. ఎవరో ఒక ఇంజెక్షను సంగతి చెప్పారట. దానికి డబ్బు కూడా కూడబెట్టుకున్నాడు. మరుసటి వారం వేయించుకోవాలని నిశ్చయించుకున్నాడు.

"నాయనా, నీ శరీరం తన పని తాను సక్రమంగానే చేస్తోంది. నీ చేతికి ఎవరో తప్పుడు కొలబద్ద ఇచ్చారు, అంతే" అన్నాను. అతనికి ఆ రోజు చెప్పిన విషయాలనే, అతని అనుమతితో, పేరు చెప్పకుండా, ఈ పాఠంలో చదువరుల ముందు ఉంచుతున్నాను. ఇంట్లో ఎదిగే పిల్లలున్న ప్రతి తల్లీ తండ్రీ ఇవి తెలుసుకోవడం అవసరం.

మాంసధాతువు మూడవ మడి

మనం తిన్న ఆహారం రస, రక్త, మాంస, మేదో, అస్థి, మజ్జా, శుక్రాలనే ఏడు ధాతువులుగా క్రమంగా పరిణమిస్తుందని ఆయుర్వేదం చెబుతుంది. దీనిని వివరించడానికి మా గురువుగారు కేదారీకుల్యా న్యాయం చెప్పేవారు. కాలువ నీరు మొదటి మడిని తడిపి, ఆ తరువాత రెండవ మడికి, ఆపైన మూడవ మడికి పారుతుంది. మూడవ మడిలో నిలబడి, నీరు ఇంకా రాలేదేమని కాలువ గట్టు తెంచేవాడు రైతు కాడు. మాంసధాతువు ఆ మూడవ మడి వంటిది. అక్కడికి పోషణ చేరడానికి వ్యవధి కావాలి.

బలం మూడు విధాలని చరకసంహిత విభజించింది. పుట్టుకతో వచ్చేది సహజబలం. వయస్సునూ ఋతువునూ అనుసరించి వచ్చేది కాలజబలం. ఆహార వ్యాయామాది ఉపాయాలతో సంపాదించేది యుక్తికృతబలం. వీటిలో మూడవది మాత్రమే మన చేతిలో ఉన్నది. ఒకే వ్యాయామశాలలో, ఒకే తిండి తిని, ఒకే బరువులెత్తిన అన్నదమ్ములిద్దరిలో ఒకడికి కండ త్వరగా పట్టడం, రెండవవాడికి ఆలస్యం కావడం సహజబలంలోని భేదం. అది రెండవవాని దోషం కాదు.

ఎంత ఆశించవచ్చు?

ఇక లెక్కలకు వద్దాం. ఇవి స్థూలమైన అంచనాలని గుర్తుంచుకోవాలి. కొత్తగా బరువుల వ్యాయామం ప్రారంభించిన ఆరోగ్యవంతుడైన యువకునికి, ఆహారం, నిద్ర సరిగా ఉంటే, మొదటి నెలలలో నెలకు అర కిలో నుండి ఒక కిలో వరకు కండ పెరగవచ్చు. ఏడాది మొత్తానికి 4 నుండి 7 కిలోలు వస్తే అది చాలా మంచి ఫలితం. రెండవ ఏడాదిలో అందులో సగం వస్తుంది. ఆపైన ఏడాదికి ఒకటి రెండు కిలోలు పెరిగినా సంతోషించవలసిందే. స్త్రీలకు కిలోల లెక్కలో ఇందులో సుమారు సగం. నలభై దాటి మొదలుపెట్టిన వారికి కొంత నెమ్మదిగా వస్తుంది, కాని తప్పక వస్తుంది.

తూనిక మీద పెరిగిన బరువంతా కండ కాదు. మొదటి రెండు మూడు వారాలలో కండరాలలో నిలువచేరే పిండిపదార్థం తనతో పాటు నీటిని కూడా పట్టి ఉంచుతుంది. ఆ కారణంగా ఒక కిలో త్వరగా పెరిగినట్లు కనిపిస్తుంది. తిండి మితిమీరితే మేదస్సు పెరుగుతుంది. నెలకు మూడు నాలుగు కిలోలు పెరిగానని సంబరపడేవారు నడుము చుట్టుకొలత కూడా చూసుకోవాలి.

బలం ముందు, కండ తరువాత

మొదటి ఆరు ఎనిమిది వారాలలో ఎత్తే బరువు గణనీయంగా పెరుగుతుంది, అద్దంలో మాత్రం మార్పు కనిపించదు. చాలామంది నిరాశపడి మానివేసేది ఇక్కడే. ఈ దశలో మొదట నేర్చుకునేవి నాడులు. ఉన్న కండనే మరింత నేర్పుగా వాడుకోవడం శరీరం అభ్యసిస్తుంది. కండ పరిమాణం ఆ తరువాత నెమ్మదిగా పెరుగుతుంది.

బలానికీ పరిమాణానికీ తేడా ఉన్నదని మన కరణం మల్లేశ్వరిని చూస్తే తెలుస్తుంది. 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల తరగతిలో రెండు పద్ధతులలో కలిపి 240 కిలోలు ఎత్తి ఆమె కాంస్య పతకం సాధించింది. అది ఒక చూర్ణంతోనో, మూడు నెలల శ్రమతోనో వచ్చినది కాదు. బాల్యం నుండి చేసిన సాధన ఫలం.

ఇంజెక్షను వెనుక ఉన్న లెక్క

పటాలలో కనిపించే దేహాలను చూసి పిల్లలు మోసపోవడానికి కారణం ఒకటుంది. 1996లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశోధనలో, బరువులెత్తే అలవాటు ఉన్న పురుషులను కొన్ని వర్గాలుగా విభజించి పది వారాలు పరిశీలించారు. పురుష హార్మోను లేకుండా వ్యాయామం మాత్రమే చేసినవారికి కొవ్వు కాని దేహభాగం సుమారు 2 కిలోలు పెరిగింది. హార్మోనును అధిక మోతాదులో ఇచ్చి, వ్యాయామం అసలు చేయించని వారికి 3 కిలోలకు పైగా పెరిగింది. రెండూ కలిసినవారికి 6 కిలోలు పెరిగింది. అనగా, కష్టపడినవానికంటే కూర్చుని మందు పుచ్చుకున్నవానికే ఎక్కువ వచ్చింది. అటువంటి దేహంతో పోల్చుకుని తన శ్రమ వృథా అనుకోవడం ఎంత అన్యాయమో ఆలోచించండి.

ఆ లాభానికి మూల్యం ఉంది. బయటి నుండి హార్మోను వచ్చినప్పుడు శరీరం తన స్వంత ఉత్పత్తిని ఆపివేస్తుంది. వృషణాలు కుంచించుకుపోతాయి. శుక్రకణాలు తగ్గి సంతానం కలగడం కష్టమవుతుంది. రక్తపోటు, గుండె జబ్బు, మనోవికారాలు రావచ్చు. మాత్రల రూపంలో వాడేవి కాలేయాన్ని దెబ్బతీస్తాయి. మందు మానిన తరువాత పెరిగిన కండలో చాలాభాగం నిలవదు. శుక్రం ఏడవ ధాతువు. మూడవ ధాతువు కోసం ఏడవ ధాతువును అమ్ముకోవడం వివేకమా? ఆ అబ్బాయిని నేను అడిగిన ప్రశ్న ఇదే.

లేహ్యాల విషయం

ఈ సందర్భంలో నా తప్పులు కూడా చెప్పుకోవాలి. వైద్యవృత్తి ప్రారంభించిన కొత్తలో బక్కపలుచని యువకులకు అశ్వగంధ లేహ్యం ఇచ్చి, నేతితో, పాలతో పుష్టిగా తినమనేవాణ్ణి. ఆరు నెలలలో బరువు పెరిగేది. వారూ సంతోషించేవారు, నేనూ సంతోషించేవాణ్ణి. పెరిగినది ఎక్కువగా పొట్ట అని గ్రహించడానికి నాకు కొన్నేళ్లు పట్టింది. వ్యాయామం లేని బృంహణం మేదస్సునే పెంచుతుంది.

అశ్వగంధ వ్యాయామంతో పాటు వాడినప్పుడు బలం కొంత అధికంగా పెరిగినట్లు కొన్ని చిన్న పరిశోధనలలో కనిపించింది. అది సహాయకారి మాత్రమే. గర్భిణులు, థైరాయిడ్ వ్యాధి ఉన్నవారు, కాలేయ వ్యాధి ఉన్నవారు దీనిని స్వయంగా వాడరాదు. అరుదుగా కాలేయానికి హాని కలిగిన సందర్భాలు కూడా నమోదయ్యాయి. ఇక పేరూ ఊరూ లేని "కండ చూర్ణాలు" ఎంత మాత్రం వద్దు. నెలలో ఆశ్చర్యకరమైన ఫలితం ఇచ్చిన చూర్ణంలో ఏమి కలిపారో అని అనుమానించడమే మంచిది.

ఆహారం

పెద్దవారికి రోజుకు శరీరబరువులో కిలోకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సూచించింది. బరువుల వ్యాయామం చేసేవారికి ఇంకా ఎక్కువ అవసరం. 49 పరిశోధనలను కలిపి పరిశీలించి 2018లో ప్రచురించిన ఒక వ్యాసం ప్రకారం, కిలోకు సుమారు 1.6 గ్రాముల వరకు ప్రయోజనం ఉంది. అంతకు మించి తిన్నా కండ అదనంగా పెరిగే సూచన సగటున కనిపించలేదు. అనగా 58 కిలోల ఆ అబ్బాయికి రోజుకు సుమారు 93 గ్రాములు.

ఇది శాకాహార గృహంలోనూ సాధ్యమే. రోజు మొత్తం మీద పప్పు 100 గ్రాములు, నానబెట్టిన శనగలు 50 గ్రాములు, వేరుశనగ 50 గ్రాములు, పాలు అర లీటరు, పెరుగు 200 గ్రాములు, బియ్యం గోధుమలు కలిపి 300 గ్రాములు తీసుకుంటే సుమారు 90 గ్రాములు సమకూరుతాయి. పప్పు, శనగలు, బియ్యం, గోధుమలు వండక ముందు తూచినవి. గుడ్డు తినేవారికి ఒక్కొక్క గుడ్డుకు 6 గ్రాములు అదనం. అయితే పప్పు, శనగలు ఒక్కసారిగా పెంచితే ఉబ్బరం కలుగుతుంది. అల్పమాత్రతో మొదలుపెట్టి, జీలకర్ర, అల్లం, ఇంగువ చేర్చి, అగ్నిబలాన్ని అనుసరించి పెంచుకోవాలి. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు వైద్యుని అడగకుండా మాంసకృత్తులు పెంచరాదు. రాత్రి ఏడెనిమిది గంటల నిద్ర కూడా ఆహారం వంటిదే.

వ్యాయామ క్రమం

తన బలంలో సగం మేరకే వ్యాయామం చేయాలని మన ఆచార్యులు చెప్పారు. నుదుట, చంకలలో చెమట పట్టడం, నోరు ఎండడం, నోటితో ఊపిరి తీయవలసి రావడం దానికి గుర్తులు. శక్తికి మించి శ్రమించేవాడు ఏనుగును లాగబోయిన సింహం వలె నశిస్తాడని వాగ్భటుడు హెచ్చరించాడు. ఈనాటి వ్యాయామ శాస్త్రం చెప్పే కొలత వేరు. ఒక్కొక్క విడతలో ఇక ఒకటి రెండు సార్లు మాత్రమే ఎత్తగలనని అనిపించినప్పుడు ఆపమంటుంది. రెండు కొలతలూ అచ్చంగా ఒకటి కావు. కాని పూర్తిగా కూలబడేదాకా చేయనవసరం లేదన్న సారంలో కలుస్తాయి.

వారానికి రెండు మూడు రోజులు చాలు. కాళ్లు, వీపు, రొమ్ము, భుజాలు అన్నింటికీ పని కల్పించాలి. ఒక్కొక్క విడతలో 8 నుండి 12 సార్లు, మొత్తం రెండు మూడు విడతలు చేయాలి. 12 సార్లు సులువుగా వచ్చిన తరువాతనే బరువు కొద్దిగా పెంచాలి. బరువులు లేని ఇంట మన పాత తాలింఖానాలలోని దండీలు, బస్కీలు, నీళ్ల బిందెలు మొదటి నెలలకు సరిపోతాయి. కీళ్లలో పోటు, రొమ్ములో నొప్పి, తలతిరగడం వస్తే వెంటనే ఆపి వైద్యునికి చూపించాలి.

స్త్రీలు, పెద్దలు

బరువులెత్తితే మగకండలు వస్తాయని స్త్రీలు భయపడనక్కరలేదు. వారిలో పురుష హార్మోను అనేక రెట్లు తక్కువ. వచ్చేది దృఢత్వం, ఎముకల బలం.

పెద్దల విషయంలో నేను మరొక పొరపాటు చేశాను. బాలురు, వృద్ధులు, అజీర్ణం ఉన్నవారు వ్యాయామం మానాలని అష్టాంగహృదయంలో ఉంది. ఆ మాటను అక్షరాలా పట్టుకుని ఎందరో పెద్దలను కూర్చోబెట్టాను. బోస్టన్‌లో జరిపి 1990లో ప్రచురించిన ఒక పరిశోధన సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. వృద్ధాశ్రమంలో సుమారు 90 ఏళ్ల వయస్సు గల పదిమంది చేత 8 వారాలు కాళ్లకు బరువుల వ్యాయామం చేయించారు. పూర్తి చేసిన తొమ్మిదిమందిలో బలం సగటున 174 శాతం పెరిగింది. తొడ కండ మాత్రం 9 శాతమే పెరిగింది. అయినా వారి నడక మెరుగుపడింది. ఆ ఆచార్యులు చెప్పినది శక్తికి మించిన వ్యాయామం గురించేనని ఇప్పుడు భావిస్తున్నాను. నా అరవై రెండవ ఏట నేనే కుర్చీలో నుండి చేతుల సాయం లేకుండా లేచి కూర్చునే అభ్యాసంతో మొదలుపెట్టాను. నాలుగేళ్లయింది. తొడలు లావెక్కలేదు. కాని మా ఇంటి మేడమెట్లు కమ్మీ పట్టుకోకుండా ఎక్కుతున్నాను.

కొలిచే పద్ధతి

రోజూ అద్దం చూసుకోవద్దు. వారానికొకసారి, ఉదయం, పరగడుపున బరువు చూసుకోండి. నెలకొకసారి టేపుతో చేయి, రొమ్ము, నడుము, తొడ కొలిచి పుస్తకంలో వ్రాసుకోండి. ఏ బరువును ఎన్నిసార్లు ఎత్తారో కూడా వ్రాయండి. మూడు నెలలకొకసారి మాత్రమే ఆ పుటలు పోల్చి చూడండి. నడుము పెరగకుండా చేయి పెరిగితే మీరు సరైన మార్గంలో ఉన్నట్లు.

ఆ అబ్బాయికి నేను మందు ఇవ్వలేదు. నూరు పుటల నోటు పుస్తకం ఒకటి ఇచ్చాను. శ్రావణంలో అతను మళ్లీ వచ్చాడు. బరువు 61 కిలోలు, చేయి ముప్పాతిక అంగుళం పెరిగింది, నడుము ఉన్నంతే ఉంది. "ఇంతేనా అయ్యా?" అని అడగలేదు. పుస్తకం నా ముందు పెట్టి, "వచ్చే శ్రావణానికి ఎంత ఆశించవచ్చు?" అని అడిగాడు. ఇంజెక్షను కోసం దాచిన డబ్బు ఏమి చేశావని అడిగితే, అమ్మకు విషయం చెప్పి ఆమెకే ఇచ్చేశానన్నాడు.