లేఖ లేకున్నను వివాహము లేదనరాదు

పూర్వుల చరిత్రను వెదకువారికి జనన మరణములకంటె వివాహమే తరచుగా చిక్కు తెచ్చును. ముత్తాత పుట్టిన తేదీ దొరకును. గతించిన తేదీ దొరకును. వివాహమైన తేదీ మాత్రము ఎందును కానరాదు. అంతట తొందరపాటు గలవాడు “వీరికి వివాహమే కాలేదు” అని వ్రాసివేయును. గతించినవారు వచ్చి బదులు చెప్పలేరు. ఆ యొక్క మాట వారి సంతతికి మచ్చయై నిలుచును. కావున లేఖ లేకపోవుట వేరు, వివాహము లేకపోవుట వేరు అను సంగతిని స్కాట్లండు దేశపు రికార్డుల మూలముగా విశదపరుపనెంచితిమి. కుటుంబ రికార్డులు విస్తారముగా నిలిచియున్న దేశము గనుక ఈ పాఠమునకు దానిని ఎన్నుకొంటిమి.

స్కాట్లండులో 1855 జనవరి 1వ తేదీనుండి జనన, మరణ, వివాహములను ప్రభుత్వమువద్ద నమోదు చేయించుట విధియైనది. నాటినుండి వివాహపత్రములలో వధూవరుల తలిదండ్రుల పేర్లు, తల్లుల పుట్టినింటి పేర్లతో సహా కనబడును. అంతకు పూర్వము ఆ పని పారిషులది. పారిషు అనగా ఒక చర్చి పరిధిలోని ప్రాంతము. నిలిచియున్న పారిషు రిజిస్టర్లలో మిక్కిలి పాతది పెర్త్‌షైరులోని ఎరల్ గ్రామముది. అది 1553లో మొదలగుచున్నది. ఇవి నేడు ఎడింబరోలోని జాతీయ రికార్డుల శాఖ రక్షణలో నున్నవి. ఆ శాఖవారి స్కాట్లండ్స్ పీపుల్ అను వెబ్‌సైటులో వాని పుటల ఛాయాచిత్రములను చూడవచ్చును.

వెదకువాడు తెలిసినదానినుండి తెలియనిదానికి పోవలెను. 1855లోను, మరల 1861 మొదలుకొనియు జనన పత్రములలో తలిదండ్రుల వివాహ తేదీ, స్థలము వ్రాయబడినవి. 1856 మొదలు 1860 వరకు ఈ వివరము లేదు. కావున 1858లో పుట్టిన అన్న పత్రము మౌనముగా నున్నను, 1862లో పుట్టిన తమ్ముని పత్రము జవాబు చెప్పవచ్చును. 1911 జనాభా లెక్కలలో వివాహిత స్త్రీలకు పెండ్లియై ఎన్ని ఏండ్లైనదో అడిగి వ్రాసిరి. ఆ సంఖ్యను 1911నుండి తీసివేసినచో వివాహ వత్సరము ఇంచుమించుగా తేలును. ఒకే ఇంటిపేరును ఒక గుమాస్తా ఒక విధముగను, మరియొకడు వేరొక విధముగను వ్రాసియుండుట సామాన్యము గనుక, ఒక్క వర్ణక్రమముతో వెదకి విరమింపరాదు.

ఇక పారిషు రిజిస్టరే మౌనము వహించినచో దానికి కారణములు పెక్కు గలవు. అనేక చోట్ల వ్రాసినది వివాహమును గాదు. వివాహమునకు ముందు చర్చిలో జరుపు బహిరంగ ప్రకటనను మాత్రమే. వధూవరులు వేర్వేరు పారిషులవారైనచో రెండుచోట్లను ప్రకటన జరుగును, తేదీలు భేదించును. 1783లో ప్రతి నమోదుమీదను మూడు పెన్నీల సుంకము విధింపబడెను. అది 1794లో రద్దగువరకు పలువురు నమోదునే మానుకొనిరి. ఇదిగాక 1733లోను, 1761లోను కొందరు అధికార సంఘమునుండి చీలిపోయిరి. 1843లో మరియొక పెద్ద చీలికవలన ఫ్రీ చర్చి ఏర్పడెను. ఇట్టివారి వివాహములను వారి సంఘముల పుస్తకములలో వెదకవలసియుండును.

అన్నిటికంటె ముఖ్యమైనది అచటి న్యాయము. స్త్రీ పురుషులిద్దరు తాము దంపతులమని పరస్పరము అంగీకరించి ప్రకటించినచో, పురోహితుడు లేకున్నను ఆ వివాహము చెల్లుచుండెను. దానిని క్రమము తప్పిన వివాహమనిరేగాని వివాహము కాదనలేదు. ఈ పద్ధతి 1940 జూలై 1 వరకు నిలిచెను. ఇట్టి దంపతులను పారిషులోని సంఘపెద్దల సభ పిలిపించి మందలించుచుండెను. ఆ సభను కర్క్ సెషన్ అందురు. రిజిస్టరులో లేని వివాహము ఆ సభ కార్యక్రమ పుస్తకములో దొరకుట కలదు.

ప్రసిద్ధ కవి రాబర్టు బర్న్సు చరిత్రయే ఇందుకు నిదర్శనము. ఆయన 1786లో జీన్ ఆర్మరును భార్యగా అంగీకరించుచు ఒక పత్రము వ్రాసియిచ్చెను. ఆమె తండ్రి దానిలోని పేర్లను కత్తిరింపజేసెను. పత్రము చెడినది, బంధము చెడలేదు. 1788 ఆగస్టు 5వ తేదీన ఆ దంపతులు మాచ్లిన్ గ్రామపు సభయెదుట నిలిచి తమ వివాహమును ఒప్పుకొనిరి. సభవారు మందలించిరి, బర్న్సు బీదల నిమిత్తము ఒక గినీ ఇచ్చెను. ఈ వృత్తాంతము సభవారి పుస్తకమువలననే మనకు తెలియుచున్నది.

కొన్ని వివాహములు దేశముననే జరుగలేదు. మన గ్రామముల కైఫీయతులను సేకరింపజేసిన కాలిన్ మెకంజీ లూయిస్ దీవిలోని స్టోర్నోవే వాడు. ఆయన 1812లో జావాలో వివాహమాడెను. స్వగ్రామ రిజిస్టరులో వెదకువానికి అది ఎట్లు దొరకును? నాటి తెలుగు జిల్లాలలో కొలువుచేసిన స్కాట్లండువారి వివాహములను మద్రాసు రాజధాని చర్చి రికార్డులలో వెదకవలెను. వాని ప్రతులు లండనుకు పంపబడి, నేడు బ్రిటిష్ గ్రంథాలయములో నున్నవి.

విద్యార్థులారా! వెదకినది దొరకనప్పుడు ఏ పుస్తకమున, ఏ వత్సరమునుండి ఏ వత్సరమువరకు, ఏయే పేర్లతో వెదకితిరో వ్రాసియుంచుడు. చూడని పుస్తకములను గూడ పేర్కొనుడు. “ఈ రిజిస్టరులో కానరాలేదు” అనుట సత్యము. “జరుగలేదు” అనుట తీర్పు. మన కుటుంబములలోను మనుష్యులొకచోటను, పత్రములు మరియొకచోట, మరియొక లిపిలోను ఉండుట అరుదు గాదు. సాక్ష్యము పూర్తిగా చూడక తీర్పు చెప్పకుండుటయే పూర్వులకు మనము చూపదగిన కనీస మర్యాద.