స్లాబుకు ఎన్ని బస్తాల సిమెంటు?

ఇంటికి స్లాబు వేసే రోజు ఎంత హడావుడిగా ఉంటుందో మీరు చూసే ఉంటారు. మొదలుపెట్టిన పని మధ్యలో ఆపడానికి మేస్త్రి ఒప్పుకోడు. ఎందుకంటే నీరు తగిలిన కొద్ది గంటల్లోనే సిమెంటు గట్టిపడిపోతుంది. సరుకు చాలక పని ఆగిందనుకోండి, గట్టిపడిన అంచుకు మర్నాడు పోసిన కాంక్రీటు సరిగా అతుక్కోదు. వానాకాలంలో నీరు కారేది ఆ అతుకు దగ్గరే! అందుకే లెక్క ముందుగానే వేసుకోవాలి.

పొడవు 6 మీటర్లు, వెడల్పు 4 మీటర్లు, మందం 12.5 సెంటీమీటర్లు ఉన్న స్లాబు తీసుకుందాం. 6 × 4 × 0.125 = 3 ఘనపు మీటర్లు. (దూలాలుంటే వాటి లెక్క వేరే.) మరి సిమెంటు, ఇసుక, కంకర అన్నీ కలిపి 3 ఘనపు మీటర్లు తెప్పిస్తే సరిపోతుందా? సరిపోదు. సుమారు 4.62 ఘనపు మీటర్లు కావాలి.

ఎందుకో మీరే చూడవచ్చు. ఒక గ్లాసు నిండా గులకరాళ్ళు పోయండి. దానిపై ఇసుక పోస్తూ మెల్లగా కుదపండి. నిండిన గ్లాసులోనే బోలెడంత ఇసుక పడుతుంది! రాళ్ళ సందుల్లోకి ఇసుక, ఇసుక సందుల్లోకి సిమెంటు, నీరు చేరతాయన్నమాట. అందుకే ఇంజనీర్లు స్లాబు ఘనపరిమాణాన్ని 1.54తో గుణిస్తారు.

స్లాబుకు సాధారణంగా సిమెంటు 1, ఇసుక 1½, కంకర 3 పాళ్ళు కలుపుతారు. మొత్తం 5½ పాళ్ళు. 4.62ను 5.5తో భాగిస్తే 0.84 వస్తుంది. 50 కిలోల బస్తాలోని సిమెంటు దాదాపు 0.035 ఘనపు మీటరు. కాబట్టి 24 బస్తాలు. ఇసుక 1.26, కంకర 2.52 ఘనపు మీటర్లు. నన్నడిగితే రెండు బస్తాలు అదనంగా ఉంచుకోవడమే మంచిది. మిగిలితే గోడల పూతకు వాడుకోవచ్చు.

ఇసుక కొలతలో మాత్రం ఒక చిక్కుంది. కాస్త తడిగా ఉన్న ఇసుక ఉబ్బుతుంది. రేణువుల చుట్టూ పట్టిన నీటి పొర వాటిని దగ్గరకు చేరనివ్వదు. ఈ ఉబ్బు నాలుగో వంతు దాకా ఉండవచ్చు. ఒక సీసాలో చెమ్మ ఇసుక పోసి, మునిగేదాకా నీరు పోసి కలియబెట్టండి, మట్టం దిగిపోతుంది! అలాంటి ఇసుకను పెట్టెతో కొలిస్తే నిజానికి తక్కువే పడుతుంది. కనుక ఆ మేరకు ఎక్కువ పోయాలి.

సెంట్రింగు మట్టం కూడా సరిచూడాలి. సగటున 1 సెంటీమీటరు మందం పెరిగినా 0.24 ఘనపు మీటరు కాంక్రీటు ఎక్కువ పడుతుంది, అంటే దాదాపు రెండు బస్తాలు. పైగా ఇనుముతో కలిపి ఘనపు మీటరు కాంక్రీటు సుమారు 2,500 కిలోలు తూగుతుంది. మన స్లాబు 7,500 కిలోలు! అది గట్టిపడేదాకా ఆ బరువంతా మోసేది కింద నిలబెట్టిన కర్రలే.