రైలు వాలలేదురా

వైశాలి నగర్, భిలాయి

చిన్నోడా,

ఫోన్లో చెబితే సగం విని సగం వదిలేస్తావు. అందుకే కాగితం పట్టాను. సెలవులకొచ్చినప్పుడు పవర్ హౌస్ స్టేషన్లో నువ్వు తీసిన వీడియో నాలుగుసార్లు చూశాను. దుర్గ్-విశాఖ వందే భారత్ ఆగకుండా పోతోంది, తలుపులూ కిటికీలూ అన్నీ గాలికి ఒరిగిన వరిచేనులా వెనక్కి వాలిపోయాయి. పాత కెమెరా అంటగట్టాడని దాన్ని అమ్మినవాణ్ణి తిట్టావు చూడు, ఆ తిట్లన్నీ వాపసు తీసుకో. కెమెరాకి ఏ రోగమూ లేదు.

నీ డీఎస్‌ఎల్‌ఆర్ సెన్సార్ వీడియోలో బొమ్మనంతా ఒక్క చూపులో చూడదు. మనం పేపరు చదివినట్టు పై వరస నుంచి కింది వరస దాకా ఒక్కోటే చదువుకుంటూ వస్తుంది. పాత కెమెరాల్లో దీనికి సుమారు సెకనులో నలభయ్యో వంతు పడుతుందనుకో. గంటకి 72 కిలోమీటర్ల మీద పోయే రైలు సెకనుకి 20 మీటర్లు పోతుంది. అంటే బోగీ కప్పు దగ్గర మొదలైన చదువు చక్రాల దాకా వచ్చేసరికి రైలు అర మీటరు ముందుకెళ్లిపోయింది. తలుపు వాలక ఏం చేస్తుంది? దీన్నే రోలింగ్ షటర్ అంటారు.

షటర్ స్పీడు పెంచి మళ్లీ తీసినా పోలేదన్నావు. పోదు. ఒక్కో వరస ఎంతసేపు వెలుతురు తాగాలన్నదే షటర్ స్పీడు చూసుకుంటుంది. వరసకీ వరసకీ మధ్య ఆలస్యం దాని చేతిలో లేదు. 1/50లో ఆ వాలు కాస్త మసకలో దాక్కుంటుంది, 1/1000లో స్కేలు పెట్టి గీసినట్టు బయటపడుతుంది. ఇళ్లలో, హాళ్లలో తీసేటప్పుడైతే 1/50, కాదంటే 1/100 దాటకు. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబులైటు సెకనుకి 100 సార్లు వెలుగు పెంచీ తగ్గిస్తుంది. 1/60 పెట్టావా, గోడ మీద చారలు పాకుతాయి.

నాకిదంతా ఎలా తెలుసంటావా? 2008లో నికాన్ డీ90, ఆ వెనకే కానన్ 5డీ మార్క్ 2 వచ్చాక వీడియో వాళ్లమంతా డీఎస్‌ఎల్‌ఆర్‌ల మీద పడ్డాం. అరువు కెమెరాతో ఇక్కడే మనవాళ్ల పెళ్లి ఒకటి తీశాను. సరిగ్గా మూడో ముడి వేస్తుంటే ఫొటోగ్రాఫర్ ఫ్లాష్ కొట్టాడు. ఇంటికొచ్చి చూస్తే ఆ ఫ్రేములో పై సగం మామూలుగా ఉంది, కింది సగం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. పెళ్లికూతురి కళ్లు కనిపిస్తున్నాయి, మెళ్లో తాళి లేదు! ఫ్లాష్ వెలిగిన క్షణానికి ఏ వరసలు తెరుచుకుని ఉన్నాయో వాటికే ఆ వెలుగు దక్కుతుంది మరి. ఆ చెడిన ఫ్రేము తీసేసి ముందుదాన్నే రెండుసార్లు పెట్టాను. ఈ రోజు దాకా ఎవరూ కనిపెట్టలేదు, నువ్వూ చెప్పకు.

మండపం చూపించేటప్పుడు కెమెరా గబగబా తిప్పకు, అరటి బోదెలు కూడా రైలు తలుపుల్లాగే వాలతాయి. బైకు హ్యాండిలుకి బిగించావంటే రోడ్డంతా జున్నుముక్కలా ఊగుతుంది. దూరపు లెన్సు ఎంత లాగితే ఊగుడు అంత. రైలుని అడ్డంగా కాకుండా ప్లాట్‌ఫాం చివర నుంచి ఎదురొచ్చేటట్టు తియ్యి, వాలు చాలావరకు తగ్గుతుంది. పసుపు గీత మాత్రం దాటకు, మీ అమ్మ నన్ను చంపేస్తుంది.

ఎడిటింగులో సరిచేసే సాఫ్ట్‌వేర్లున్నాయి. వాలిన స్తంభాన్ని నిలబెడతాయి గానీ అంచులు కాస్త కోసేస్తాయి. జోరుగా తిరుగుతూ ఇలాగే వంకర పోయిన ఫ్యాను రెక్కని మాత్రం ఏవీ బాగుచెయ్యలేవు. అన్ని వరసల్నీ ఒకేసారి చదివే ఫుల్‌ఫ్రేమ్ కెమెరా సోనీ ఏ9 3 అని 2023లో ప్రకటించారు. దాని ఊసు నీ జీతం రెండింతలయ్యాక చూద్దాం.

మీ అత్తకి మాత్రం ఆ వాలిన రైలే నచ్చింది. ఎంత జోరుగా పోతోందో చూడండి అంది. ఆవిడ తప్పేం కాదులే. జాక్ ఆన్రి లార్తీగ్ అనే ఫ్రెంచాయన వందేళ్ల కిందట రేసు కారుని ఫొటో తీస్తే, షటర్ సందు ప్లేటు మీద జరిగేలోపల చక్రం కోడిగుడ్డులా ముందుకు వాలిపోయింది, వెనక జనం దానికి ఎదురువైపు వాలారు. వేగమంటే ఇలా ఉంటుందని ఇప్పటికీ ఆ ఫొటోనే చూపిస్తారు. నీ వీడియో చెరిపెయ్యకు. దసరాకి వచ్చేటప్పుడు ట్రైపాడ్ తీసుకురా.

మీ మావయ్య