రెండో ఆపరేటింగ్ సిస్టమ్‌ని ఖాళీ చేయించడం ఎలా?

మన ఎడిసన్‌లో తెలుగువాళ్ళ ఇళ్ళకి వెళితే బేస్‌మెంట్‌లోనో, పిల్లల గదిలోనో ఓ పాత కంప్యూటర్ కనిపిస్తుంది. ఆన్ చెయ్యగానే ఉబుంటు కావాలా, విండోస్ కావాలా అని అడుగుతుంది. ఆ ఇంట్లో ఉబుంటు తెరిచి ఏళ్ళయి ఉంటుంది, అయినా ప్రశ్న మాత్రం తప్పదు. కొందరు లైనక్స్ నేర్చుకుని ఉద్యోగం మారదామని పెట్టుకున్నది. (2005 నుంచి 2011 దాకా ఉబుంటు వాళ్ళు అడిగినవాళ్ళకి సీడీలు పోస్టులో ఉచితంగా పంపేవారు కూడాను.) ఇంకొందరు 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మామూలు మద్దతు ఆగిపోయిందని, "సరే, ఇదీ చూద్దాం" అని పెట్టుకున్నది. పెట్టడం సులువే. తియ్యడం దగ్గరే తంటా.

ఎందుకంటే చాలామంది చివర చెయ్యాల్సిన పని మొదట చేస్తారు. విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి లైనక్స్ పార్టిషన్‌ని డిలీట్ చేసేస్తారు. రీస్టార్ట్ చేస్తే నల్లటి తెర, దాని మీద "గ్రబ్ రెస్క్యూ" అన్న రెండు మాటలు. పగలంతా జావాతో, ఒరాకిల్‌తో కుస్తీ పట్టేవాళ్ళకి కూడా గుండె జారుతుంది. టాక్స్ కాగితాలు, వీసా పత్రాల స్కాన్లు, పిల్లల చిన్ననాటి ఫోటోలు అన్నీ అందులోనే ఉన్నాయని సరిగ్గా అప్పుడే గుర్తొస్తుంది.

మన ఊరికి పేరిచ్చిన థామస్ ఎడిసన్, ఇక్కడి మెన్లో పార్క్‌లో పనిచేసే రోజుల్లోనే, 1878లో రాసిన ఓ ఉత్తరంలో యంత్రాల్లోని చిక్కుల్ని "బగ్స్" అన్నాడు. ఈ నల్లతెర మాత్రం బగ్ కాదు. గ్రబ్ తన పని తాను చేస్తోంది, అంతే. అదెలాగో చూద్దాం.

పాతకాలపు బయాస్ కంప్యూటర్లు డిస్కులోని మొట్టమొదటి సెక్టార్‌ని చదివి పని మొదలుపెడతాయి. దాని మొత్తం సైజు 512 బైట్లు. అందులో 64 బైట్లు పార్టిషన్ల పట్టికకి, 2 బైట్లు గుర్తుకి పోగా బూట్ కోడ్‌కి దక్కేది 446 బైట్లు. అంత ఇరుకులో మెనూ ఎక్కడ పడుతుంది? అందుకని గ్రబ్ అక్కడ ఓ చిన్న ముక్క ఉంచి, తన సామానంతా లైనక్స్ పార్టిషన్‌లో పెట్టుకుంటుంది. అంటే అద్దెకున్నాయన వీధి గుమ్మానికి తన మనిషిని కాపలా పెట్టాడన్నమాట. మీరు అద్దెకున్నాయన్ని సామానుతో సహా పంపేశారు. కాపలావాడు మాత్రం గుమ్మం దగ్గరే ఉన్నాడు, ఎవరిని ఏ గదికి పంపాలో రాసిన చీటీ పోయింది. మీ విండోస్ లోపల క్షేమంగానే ఉంది. అక్కడికి దారి చూపేవాడే లేడు.

గత పదేళ్ళ పైచిలుకుగా వస్తున్న యూఈఎఫ్ఐ కంప్యూటర్లలో ఏర్పాటు వేరు. ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ అని ఓ చిన్న పార్టిషన్ ఉంటుంది. అందులో మైక్రోసాఫ్ట్‌కి ఓ ఫోల్డరు, ఉబుంటుకి ఓ ఫోల్డరు. వీటిలో ఎవరు ముందు లేవాలన్న వరుస మదర్‌బోర్డు గుర్తుపెట్టుకుంటుంది. కాబట్టి ఖాళీ చేయించాల్సిన చోట్లు మూడు: మదర్‌బోర్డు జాబితా, ఈఎఫ్ఐ ఫోల్డరు, అసలు పార్టిషన్. ముందు గుమ్మం సంగతి, ఆ తరవాతే గది.

అంతకన్నా ముందు, అసలు పంపాల్సింది ఎవరినో తేల్చుకోండి. కంప్యూటర్ విండోస్ 11కి పనికిరాని పాతదైతే, భద్రతా అప్‌డేట్లు రాని విండోస్ 10 ఉంచి లైనక్స్ తియ్యడం నాకు సబబుగా అనిపించదు. అలాంటి చోట విండోస్‌నే పంపెయ్యండి. గ్రబ్ ఎలాగూ లైనక్స్ మనిషే కాబట్టి ఆ పని తేలిక. ఫైళ్ళు కాపీ చేసుకుని, విండోస్ పార్టిషన్ తీసేసి, లైనక్స్‌లో గ్రబ్‌ని ఓసారి అప్‌డేట్ చేస్తే సరి.

లైనక్సే వెళ్ళాలంటారా? చివరిసారిగా దాన్ని బూట్ చేసి మీ హోమ్ ఫోల్డర్‌ని యూఎస్‌బీ డ్రైవ్‌కి కాపీ చెయ్యండి. విండోస్ తనంతట తాను లైనక్స్ పార్టిషన్‌ని చదవదు. చుక్కతో మొదలయ్యే దాగిన ఫోల్డర్లు మరిచిపోకండి, ఎస్ఎస్‌హెచ్ తాళాలు ఉండేది అక్కడే. గిట్‌లో కమిట్ చేసి పైకి పంపని కోడ్ ఉందేమో చూసుకోండి. డేటాబేస్ నడిపి ఉంటే దాని ఫైళ్ళు సాధారణంగా హోమ్ ఫోల్డర్‌లో ఉండవు, విడిగా ఎగుమతి చేసుకోవాలి.

రెండో జాగ్రత్త బిట్‌లాకర్. మీరు పెట్టకపోయినా కొన్ని ల్యాప్‌టాపుల్లో డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. బూట్ వరుస మారిస్తే అది 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఆ కీ ఉందో లేదో ముందే చూసి, కాగితం మీద రాసుకోండి. కీ దొరక్కపోతే అక్కడితో ఆగండి, డిస్కులో ఉన్నవన్నీ వేరే చోటికి కాపీ చేసేదాకా ముందుకు వెళ్ళొద్దు. 2024 ఆగస్టులో వచ్చిన విండోస్ అప్‌డేట్ ఒకటి, సెక్యూర్ బూట్ ఉన్న కొన్ని కంప్యూటర్లలో లైనక్స్‌ని లేవనివ్వలేదు. అలాంటప్పుడు ఫైళ్ళ కోసం సెక్యూర్ బూట్‌ని తాత్కాలికంగా ఆపాల్సొస్తుంది, దానికీ ఈ కీ దగ్గరుండాలి.

ఇక అసలు పని. విండోస్ సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో బయాస్ మోడ్ అన్న వరుసలో యూఈఎఫ్ఐ అని ఉందా, లెగసీ అని ఉందా చూడండి. యూఈఎఫ్ఐ అయితే ఫర్మ్‌వేర్ సెటప్‌లోకి వెళ్ళి విండోస్ బూట్ మేనేజర్‌ని జాబితాలో మొదటికి తెచ్చి, ఒకటికి రెండుసార్లు రీస్టార్ట్ చెయ్యండి. గ్రబ్ మెనూ రాకుండా నేరుగా విండోస్ వస్తే గండం గడిచినట్టే.

అప్పుడు డిస్క్ మేనేజ్‌మెంట్‌లో లైనక్స్ పార్టిషన్ తియ్యండి. దానికి డ్రైవ్ అక్షరం ఉండదు, సైజుని బట్టి పోల్చుకోవాలి. ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్‌కీ, రికవరీ పార్టిషన్‌కీ కూడా అక్షరం ఉండదు సుమా, వాటి జోలికి పోవద్దు. డిస్క్ మేనేజ్‌మెంట్ ఈఎఫ్ఐ పార్టిషన్‌ని డిలీట్ చెయ్యనివ్వదు. డిస్క్‌పార్ట్‌లో ఓవర్‌రైడ్ అన్న మాట చేరిస్తే మాత్రం మారుమాట్లాడకుండా లేపేస్తుంది.

మిగిలింది ఉబుంటు ఫోల్డరు. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, మౌంట్‌వాల్ కమాండ్‌కి ఎస్ కోలన్, స్లాష్ ఎస్ ఇస్తే ఈఎఫ్ఐ పార్టిషన్ ఎస్ డ్రైవ్‌గా అందుతుంది. అందులో ఉబుంటు ఒక్కటే తీసి, మైక్రోసాఫ్ట్, బూట్ అన్న ఫోల్డర్లు ఉంచండి. తియ్యకపోయినా మునిగిపోయేదేమీ లేదు, కొన్ని మెగాబైట్లు పోతాయంతే. చెయ్యి వణికేవాళ్ళు వదిలెయ్యడమే మేలు.

ఖాళీ అయిన చోటు సీ డ్రైవ్‌లో కలవాలంటే అది సీ కి వెంటనే కుడిపక్కన ఉండాలి. మధ్యలో రికవరీ పార్టిషన్ అడ్డముంటే దాన్ని జరిపే సాహసాలు వద్దు. ఖాళీని డీ డ్రైవ్‌గా చేసి ఫోటోలు పెట్టుకోండి.

రెండోది లైనక్స్ కాక పాత విండోస్ అయితే, ఎంఎస్‌కాన్ఫిగ్‌లో బూట్ అన్న చోట ఇప్పటిదాన్ని డిఫాల్ట్ చేసి, పాతదాన్ని జాబితాలోంచి తీసి, తరవాత దాని పార్టిషన్ సంగతి చూడండి. ఆ పార్టిషన్ మీద "సిస్టమ్" అని రాసి ఉంటే మాత్రం ముట్టుకోకండి. కొత్త విండోస్ కూడా దాని మీద ఆధారపడే లేస్తోందని అర్థం.

ఇప్పటికే డిలీట్ చేసేసి, నల్లతెర ముందు కూర్చుని ఇది ఫోన్‌లో చదువుతున్నవాళ్ళూ ఉంటారు. కంగారు పడి మళ్ళీ విండోస్ ఇన్‌స్టాల్ చెయ్యకండి. యూఈఎఫ్ఐ అయితే కంప్యూటర్ ఆపి, ఆన్ చేస్తూనే బూట్ మెనూ మీట నొక్కి (ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్, కంపెనీని బట్టి) విండోస్ బూట్ మేనేజర్ ఎంచుకోండి. పాత బయాస్ అయితే వేరే కంప్యూటర్‌లో విండోస్ ఇన్‌స్టలేషన్ యూఎస్‌బీ తయారుచేసి, దాంతో బూట్ చేసి, ఇన్‌స్టాల్ కాకుండా రిపేర్ ఎంచుకుని, కమాండ్ ప్రాంప్ట్‌లో బూట్‌రెక్ కమాండ్‌ని స్లాష్ ఫిక్స్‌ఎంబీఆర్‌తో ఇవ్వండి. అది ఆ 446 బైట్ల చోట విండోస్ కాపలావాణ్ణి కూర్చోబెడుతుంది, పార్టిషన్ల పట్టికని ముట్టుకోదు. మీ ఫైళ్ళు ఎక్కడివక్కడే ఉంటాయి.